జూమ్ టార్చిలైట్ల బేరం: పెట్టె మీది అంకెలకూ సరుకుకూ పొంతన ఎంత?

నరసన్నపేట: ఆశ్వయుజ మాసం దగ్గర పడుతున్నదంటే ఉత్తరాంధ్ర కోస్తాలో టార్చిలైట్లకు గిరాకీ లేస్తుంది. కారణం ఈ ప్రాంత వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ తుపానులు రెండూ అక్టోబరు 12వ తేదీనే తీరం దాటాయి. 2018లో తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస ప్రాంతం మీదుగా వచ్చి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో ఒరిగిపోగా అనేక గ్రామాలు రోజుల తరబడి చీకటిలో ఉండిపోయాయి. ఆ రోజుల్లో కొట్టులో ఉన్న ఏ లైటైనా అడిగిన ధరకు పోయింది. అయితే ఆ లైట్లలో ఎన్ని రెండో రాత్రి కూడా వెలిగాయన్నది వేరే ప్రశ్న. ఈ వ్యాసంలో చర్చించవలసినది కూడా ప్రధానంగా అదే.

ఇప్పుడు చిల్లర వర్తకులు ఎక్కువగా అడుగుతున్నది జూమ్ లైటు. తలభాగాన్ని ముందుకు లాగితే వెలుగు కుంచించుకుని దూరం పోతుంది. వెనక్కి నొక్కితే పరుచుకుంటుంది. చిల్లర ధర నూరు రూపాయల నుంచి నాలుగైదు వందల వరకు పలికే ఈ సరుకు చాలా భాగం చైనాలో తయారై ఢిల్లీ భగీరథ్ ప్యాలెస్, కలకత్తా ఎజ్రా వీధి, హైదరాబాదు ట్రూప్ బజారు వంటి మార్కెట్ల చేతులు మారి వస్తుంది. నరసన్నపేట టోకు కొట్ల నుంచి పోలాకి, జలుమూరు, సారవకోట, కోటబొమ్మాళి, హిరమండలం వైపు చిన్న దుకాణాలకు చేరుతుంది. చివరకు అది చేరేది రాత్రిపూట మోటారు వేయడానికి పొలం వెళ్లే రైతుకు, రైసుమిల్లు కాపలాదారుకు, తెల్లవారుజామున పడవ దించే మత్స్యకారుడికి, ఎలుగుబంట్ల భయంతో తోటకు పోయే ఉద్దానం రైతుకు. వీరెవరికీ లైటు ఆటవస్తువు కాదు. గట్టు మీద పామును చూపని లైటు అమ్మిన వర్తకుడి దగ్గరకు ఆ మనిషి మరోసారి రాడు.

జూమ్ అన్నది కొత్త విషయమేమీ కాదు. పాత ఇత్తడి, అల్యూమినియం లైట్లకు కూడా తల తిప్పి వెలుగును సరిచేసుకునే ఏర్పాటు ఉండేది. యూనియన్ కార్బైడ్ వారు 1958లో లక్నోలో టార్చిలైట్ల ఫ్యాక్టరీ పెట్టిన తర్వాత ఎవరెడీ పేరే లైటుకు మారుపేరయింది. అలహాబాదు నుంచి జీప్ లైట్లు వచ్చేవి. భోపాల్ దుర్ఘటన జరిగిన పదేళ్లకు, 1994లో, ఎవరెడీ వ్యాపారం విలియమ్సన్ మేగర్ వర్గం చేతికి వచ్చింది. సెల్లులలో మన రాష్ట్రం వంతు కూడా ఉంది. 1972లో ఏర్పడిన ఇండో నేషనల్ కంపెనీ నెల్లూరు నుంచి నిప్పో సెల్లులు మార్కెట్లోకి దించింది. ఆ కాలపు వర్తకం లెక్క ఒకటే: లాభం లైటులో కాదు, సెల్లులో. లైటు ఒకసారి కొన్నవాడు రెండు నెలలకోసారి సెల్లులకు కొట్టుకు వస్తాడు. లైటును కొన్న ధరకే ఇచ్చినా వర్తకుడికి గిట్టుబాటయ్యేది.

ఆ లెక్కను తలకిందులు చేసినది తెల్లని ఎల్‌ఇడి. జపానులోని నిచియా కంపెనీ 1996లో దీనిని మార్కెట్లోకి తెచ్చింది. దీనికి మూలమైన నీలి ఎల్‌ఇడిని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి లభించింది. రెండు పెద్ద సెల్లుల పాత బల్బు లైటు ఇచ్చే వెలుగు ఇరవై ల్యూమెన్లు దాటేది కాదు. ఈనాటి చవక ఎల్‌ఇడి కూడా దానికి ఐదారు రెట్లు సునాయాసంగా ఇస్తుంది. దానితో పాటు లిథియం బ్యాటరీ వచ్చింది. లోపలే బ్యాటరీ ఉన్న లైటు కొన్నవాడు సెల్లుకు తిరిగి రాడు. లైటు చెడితే మాత్రం వస్తాడు. అంటే వర్తకుడికి వెనుకటి వరుస లాభం పోయి, వరుస తగువు మిగిలింది. కనుక ఈ సరుకులో కొనుగోలు దగ్గరే జాగ్రత్త పడవలసి ఉంది.

జూమ్ లైటు పనిచేసే తీరు తెలుసుకుంటే సరుకు నాణ్యం సగం తెలిసినట్టే. ఇందులో పాత లైటులాగా గిన్నె ఆకారపు అద్దం ఉండదు. ఎల్‌ఇడి ముందు ఒక ఉబ్బెత్తు కటకం ఉండి, తలభాగంతో పాటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. కటకం ఎల్‌ఇడికి దగ్గరగా ఉంటే వెలుగు వెడల్పుగా పడుతుంది. సరిగ్గా నాభి దూరానికి జరిగితే ఎల్‌ఇడి ముక్క ప్రతిబింబమే దూరంగా గోడ మీద పడుతుంది. జూమ్ చేసినప్పుడు వెలుగు గుండ్రంగా కాక చతురస్రంగా కనిపించడానికి కారణం ఇదే. అది లోపమని కొందరు చిల్లర వర్తకులు వాపసు తెస్తుంటారు. నిజానికి చతురస్రపు అంచులు పదునుగా కనిపిస్తే కటకం బాగా కుదిరినట్టు. అంచులు చెదిరి, ఒక పక్క పసుపు, ఒక పక్క నీలం ఛాయ విడిపోతే నాసి ప్లాస్టిక్ కటకమో, ఎల్‌ఇడి మధ్యకు కూర్చకపోవడమో అయి ఉంటుంది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. కటకం ముందుకు జరిగే కొద్దీ ఎల్‌ఇడి నుంచి పక్కలకు పోయే వెలుగు కటకానికి అందక గొట్టం లోపలే వృథా అవుతుంది. పూర్తిగా జూమ్ చేసినప్పుడు సగం వెలుగు, కొన్నిటిలో అంతకంటే ఎక్కువ కూడా, ఇలాగే పోతుంది. మిగిలినది ఒకే చోట పడుతుంది కాబట్టి కంటికి ఎక్కువగా తోస్తుంది. జూమ్ చేసినప్పుడు ఆ చతురస్రం బయట అంతా చీకటే. దూరాన కొబ్బరి చెట్టు మొవ్వు కనబడుతుంది గాని కాలి కింద గట్టు కనబడదు. గిన్నె అద్దం ఉన్న లైటులో నడిమి వెలుగుతో పాటు చుట్టూ పలచని వెలుగు కూడా ఉంటుంది. నడకకు అదే మేలు. పొలం వెళ్లే రైతుకు జూమ్ లైటు అమ్మేటప్పుడు నడిచేటప్పుడు తల వెనక్కి నొక్కి ఉంచమని చెప్పడం వర్తకుడికి ఖర్చు లేని పని. కొట్టులో మాత్రం అందరూ ఎదుటి మేడ మీదికి జూమ్ చేసి చూపించే బేరం చేస్తున్నారు.

ఇక అంకెల సంగతి. పెట్టెల మీద వెయ్యి ల్యూమెన్లు, పది వేల ల్యూమెన్లు, కిలోమీటరు దూరం అని అచ్చు వేస్తున్నారు. వీటిని పరీక్షించడానికి ఇంజనీరు కానక్కరలేదు, పద్దు రాయడం వచ్చినవాడు చాలు. లిథియం సెల్లు ఓల్టేజి 3.7. సెల్లు నిజంగా 2,000 మిల్లీ ఆంపియర్ అవర్లదయితే, అంటే 2 ఆంపియర్ అవర్లదయితే, దానిలో దాగిన శక్తి 3.7ను 2తో హెచ్చవేయగా 7.4 వాట్ అవర్లు. చవక ఎల్‌ఇడి ఒక వాటుకు సుమారు వంద ల్యూమెన్లు ఇస్తుందనుకుంటే మొత్తం మీద 740 ల్యూమెన్ గంటలు. అంటే 740 ల్యూమెన్లతో ఒక గంట, లేదా 185 ల్యూమెన్లతో నాలుగు గంటలు. లోపలి సర్క్యూట్, కటకం తినేది తీసివేస్తే ఇంకా తక్కువ. పెట్టె మీద “వెయ్యి ల్యూమెన్లు, ఎనిమిది గంటలు” అని ఉంటే ఎనిమిది వేల ల్యూమెన్ గంటలు కావాలి. చేతిలో ఉన్న సరుకుకు పది రెట్లు మించిన పద్దు అది. లోపలే బ్యాటరీ ఉన్న చిన్న రకంలో తరచు 1,200 మిల్లీ ఆంపియర్ అవర్లని ఉంటుంది; అది నిజమే అయినా 4.4 వాట్ అవర్లే. దానితో 200 ల్యూమెన్ల వెలుగు రెండు గంటలు వస్తే సంతోషించాలి.

“టి6”, “క్యూ5” అన్న ముద్రలు కూడా ఇలాంటివే. ఇవి అమెరికాకు చెందిన క్రీ కంపెనీ తన ఎల్‌ఇడిలను వెలుగు ప్రకారం వేరు చేసేందుకు పెట్టుకున్న తరగతులు. బియ్యంలో మొదటి రకం, రెండో రకం అన్నట్టు. క్యూ5 అంటే 350 మిల్లీ ఆంపియర్ల కరెంటు వద్ద కనీసం 107 ల్యూమెన్లు. ఎక్స్‌ఎంఎల్ రకంలో టి6 అంటే 700 మిల్లీ ఆంపియర్ల వద్ద కనీసం 280. అసలు క్రీ ముక్క వేసినా దానికి కరెంటు అంతగా అందించే సర్క్యూట్, వేడిని లాగే లోహం ఉంటేనే ఆ వెలుగు వస్తుంది. నూరు రూపాయల లైటు మీద ఆ ముద్ర ఉంటే అది అలంకారమనుకోవాలి.

దూరం లెక్కకు అమెరికాలో 2009లో వచ్చిన ఎఫ్‌ఎల్1 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం వెలుగు 0.25 లక్స్‌కు, అంటే దాదాపు నిండు పున్నమి వెన్నెల పాటికి, పడిపోయే చోటును దూరంగా పరిగణిస్తారు. ఆ దూరంలో మనిషి ముఖం ఆనవాలు దొరకదన్నమాట. టోకు వర్తకులు తమ కొట్టులోనే దీనిని పరీక్షించుకోవచ్చు. చీకటి గదిలో లైటును పూర్తిగా జూమ్ చేసి ఐదు మీటర్ల దూరంలో సెల్‌ఫోనులోని లక్స్ మీటరు యాప్ మీద వేయాలి. వచ్చిన అంకెను 25తో హెచ్చవేస్తే కాండెలాలు. దాని వర్గమూలానికి రెట్టింపు, మీటర్లలో దూరం. 400 లక్స్ చూపితే పది వేల కాండెలాలు, వర్గమూలం 100, దూరం 200 మీటర్లు. కిలోమీటరు దూరం కావాలంటే రెండున్నర లక్షల కాండెలాలు కావాలి. ఫోను మీటరు పూర్తిగా ఖచ్చితం కాదు గాని ఒకే ఫోనుతో రెండు శాంపిళ్లను పోల్చడానికి ఢోకా లేదు. లైటు వేయగానే ఒకసారి, పదిహేను నిమిషాలకు మరోసారి చూడాలి. మొదట్లో వెలిగి తర్వాత సగానికి పడిపోయే సరుకే ఎక్కువ.

బ్యాటరీని బట్టి ఈ లైట్లు మూడు తెగలు. ఒకటి మూడు సన్న సెల్లులు, అంటే ట్రిపుల్ ఏ సెల్లులు, వేసేది. రెండోది 18650 అనే లిథియం సెల్లును విడిగా వేసేది. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది గనుక ఆ పేరు వచ్చింది. మూడోది బ్యాటరీ లోపలే ఉండి, ఫోను తీగతో చార్జి చేసుకునేది. మామూలు రోజుల్లో మూడోదే సుఖం, అమ్మకమూ దానికే. రాత్రి చార్జి పెట్టుకుంటే రైతుకు ఖర్చు లేదు. మొదటి దానిలో సన్న సెల్లులు త్వరగా అరిగిపోయి నెల ఖర్చు పెరుగుతుంది. మామూలు జింకు సెల్లుతో ఇది చెప్పుకోదగ్గ వెలుగు ఇచ్చేది మొదటి కొద్దిసేపే. ఆల్కలైన్ సెల్లు వేస్తే మెరుగు గాని ధర కూడా అలాగే ఉంటుంది.

తుపాను వచ్చిన రోజున మాత్రం ఈ వరుస తిరగబడుతుంది. కరెంటు పోయిన మొదటి రాత్రి చార్జి లైటు వెలుగుతుంది. రెండో రాత్రికి అది చేతికర్రకు కూడా పనికిరాదు. తిత్లీ వంటి తుపానులో వారం పది రోజులు కరెంటు లేని ఊళ్లలో సెల్లుల లైటే దిక్కు. కిరాణా కొట్టులో సెల్లులు ఉన్నంత కాలం అది వెలుగుతుంది. కనుక చార్జి లైట్ల ఊపు చూసి సెల్లుల సరుకును పూర్తిగా మానుకున్న వర్తకుడు అక్టోబరులో బేరం పోగొట్టుకోవడమే కాదు, ఊరికి ఉపయోగపడడు కూడా. కొన్ని రకాలలో 18650 తీసి మూడు సన్న సెల్లుల తొడుగు వేసుకునే వీలుంది. నాలుగు డబ్బులు ఎక్కువైనా ఈ ప్రాంతానికి తగినది ఆ రకమే. అయితే తొడుగు స్ప్రింగులు వట్టి ఇనుపవైతే కళింగపట్నం, భావనపాడు వంటి తీర గ్రామాల ఉప్పుగాలికి ఒక వానాకాలంలోనే తుప్పు పడతాయి. శాంపిలు చూసేటప్పుడు వెనుక మూత విప్పి స్ప్రింగు చూడడం మరువరాదు.

విడి 18650 సెల్లుల్లో మోసం మరీ ఎక్కువ. మార్కెట్లో 4,200, 9,900 మిల్లీ ఆంపియర్ అవర్లని అచ్చు వేసిన సెల్లులు కనిపిస్తాయి. ఈ సైజులో పేరున్న కంపెనీల సెల్లులు కూడా చాలా భాగం 3,600 ప్రాంతాన్ని మించవు. 9,900 అని రాసినవాడు అబద్ధమాడుతున్నాడనడానికి మరే పరీక్షా అక్కరలేదు. బంగారం వ్యాపారానికి పేరుబడ్డ నరసన్నపేటలో ఒక తేలిక మార్గం ఉంది: త్రాసు. అసలు సెల్లు 45 నుంచి 50 గ్రాముల వరకు తూగుతుంది. ముప్పై గ్రాముల దగ్గర ఆగిన సెల్లులో సరుకు లేదు. తూగినంత మాత్రాన మంచిదని కాదు గాని, తూగనిది మాత్రం తప్పకుండా నాసి. ఇంకో ప్రమాదం 14500 సెల్లుతో. అది మామూలు పెన్సిలు సెల్లు సైజులోనే ఉంటుంది, ఓల్టేజి మాత్రం 1.5 కాక 3.7. గోడ గడియారంలోనో పిల్లల బొమ్మలోనో వేస్తే ఆ వస్తువు కాలిపోతుంది. కొట్టులో ఈ రెండింటినీ ఒకే డబ్బాలో ఉంచకూడదు. లిథియం సెల్లులు, బ్యాటరీలకు ఐఎస్ 16046 ప్రమాణం కింద బి.ఐ.ఎస్. నమోదు తప్పనిసరి, ముద్రతో పాటు నమోదు సంఖ్య ఉండాలి. ఉబ్బిన, నొక్కుకుపోయిన సెల్లులను గోనె సంచుల పక్కన, జీడిపప్పు డబ్బాల పక్కన నిల్వ చేయడం గోదాముకే ముప్పు.

జూమ్ లైటు వానకు పనికివస్తుందా అని చిల్లర వర్తకులు అడుగుతుంటారు. జరిగే తల ఉన్న లైటుకు ఇది పుట్టు లోపం. తల లాగినప్పుడల్లా పిచికారీలాగా బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. తడిగా ఉంటే నీటినీ పీలుస్తుంది. లోపల రబ్బరు చుట్టు ఉన్నా అది అరిగిపోయేదే. ఐపిఎక్స్4 అని ఉంటే చిలకరింపు వరకు తట్టుకుంటుందని మాత్రమే అర్థం. ఐపిఎక్స్7 అయితేనే మీటరు లోతు నీటిలో అరగంట. చవక జూమ్ లైటు మీద ఐపిఎక్స్7 అని కనిపిస్తే శాంపిలును బకెట్టులో ముంచి చూపమని దలారీని అడగవచ్చు. పడవల వారికి, చెరువుల వారికి జూమ్ లేని లైటు అమ్మడమే ఉత్తమం.

ఇంతకూ లాభనష్టాల లెక్క చూద్దాం. ఉదాహరణకు 120 రూపాయల లైట్లు వంద ఎత్తి 160 చొప్పున అమ్మారనుకుంటే పైకి కనిపించే లాభం 4,000. ఇరవై వాపసు వచ్చి, సరఫరాదారు తీసుకోక, కొత్తవి ఇవ్వవలసి వస్తే 2,400 పోయి 1,600 మిగులుతుంది. అదే 170 రూపాయల సరుకు ఎత్తి 215కు అమ్మితే లాభం 4,500. మూడే వాపసు వచ్చాయనుకుంటే 510 పోయి 3,990 మిగులుతుంది. పెట్టుబడి ఐదు వేలు ఎక్కువైన మాట, దాని వడ్డీ కట్టుకోవలసిన మాట నిజమే. కాని అరువు మీద ఇచ్చిన ఊళ్లలో వాపసు సరుకు వచ్చిందంటే పాత బాకీ కూడా నిలిచిపోతుంది. ఆ నష్టం ఈ లెక్కలోకి రాలేదు.

కనుక దలారీతో ధర కంటే ముందు వాపసు షరతు తేల్చుకోవాలి. ఎన్ని నెలలు, రవాణా ఎవరిది, మార్పిడా లేక క్రెడిట్ నోటా అన్నది బిల్లు మీదే రాయించుకోవాలి. బిల్లులో లైట్లు 8513, విడి లిథియం సెల్లులు 8507, మామూలు సెల్లులు 8506 హెచ్.ఎస్.ఎన్. సంఖ్యల కింద వేరువేరుగా ఉండాలి. 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనల ప్రకారం పెట్టె మీద గరిష్ఠ చిల్లర ధర, దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం వంటి వివరాలు ఉండవలసిందే. అవి లేని సరుకు పట్టుబడితే కేసు ఢిల్లీ వాడి మీదే కాదు, కొట్టులో అమ్ముతున్న వాడి మీదకు కూడా వస్తుంది.

చివరిగా నిల్వ విషయం. తుపాను గిరాకీ చూసి ఏడాదికి సరిపడా చార్జి లైట్లు ఎత్తి పెట్టుకునే అలవాటు కొందరికి ఉంది. లోపలి లిథియం బ్యాటరీ అటక మీద పడి ఉన్నా కొద్దికొద్దిగా చార్జి కోల్పోతుంది; పూర్తిగా దిగిపోతే మళ్లీ లేవకపోవచ్చు. నాలుగు ఓల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్న పాత రకాలు కొద్ది నెలల్లోనే పాడవుతాయి. మూడు నెలలకోసారి పెట్టెలు విప్పి సగానికి చార్జి పెట్టించే ఓపిక లేనివారు రెండు నెలల అమ్మకానికి మించి ఎత్తకూడదు. సెల్లుల లైట్లకు ఆ బాధ లేదు. సెల్లుల మీద ఉన్న గడువు నెల చూసుకుంటే చాలు. ఆగస్టు ఆఖరులో శాంపిళ్లు తెప్పించి, పరీక్షించి, సెప్టెంబరు రెండో వారానికి సరుకు దించుకున్నవారికి అక్టోబరు బేరం అందుతుంది. సెప్టెంబరు ఆఖరులో ఆర్డరు పెట్టినవారి పార్సిలు లారీ మీద ఉండగానే తుపాను వచ్చిపోయిన సందర్భాలు ఈ రహదారి మీది వర్తకులకు కొత్తవి కావు.